పశువైద్య పాథాలజీలో స్నాతకోత్తర శిక్షణ: శవపరీక్ష బల్ల జహీరాబాద్‌కు రావాలి

జహీరాబాద్ పరిసర గ్రామాలలో జీవాల పెంపకందారులకు పోస్ట్‌మార్టం అనే మాట కొత్తది కాదు. అయితే వారి నోట అది బీమాకు సంబంధించిన మాటగానే వినిపిస్తుంది. చెవికి వేసిన ట్యాగు, చనిపోయిన జీవం ఫోటో, పశువైద్యాధికారి సంతకం చేసిన ధ్రువపత్రం కుదిరితే పరిహారం, లేకుంటే లేదు. ఆ ధ్రువపత్రంలో మరణ కారణం అనే గడి ఒకటి ఉంటుంది. అందులో రాసిన మాట ఎంతవరకు నిజమన్నది రాసినవారికీ చదివినవారికీ పెద్దగా పట్టదు. గడి నిండితే చాలు. ఈ వ్యాసం ఆ ఒక్క గడి గురించి, దానిని నమ్మకంగా నింపగల నిపుణులను మన విశ్వవిద్యాలయాలు ఎలా తయారు చేస్తున్నాయన్న దాని గురించి.

కొన్నేళ్ల క్రితం ఆ ప్రాంతపు ఒక పల్లెలో, చనిపోయిన గొర్రె పక్కన కత్తి, ఫార్మలిన్ సీసా పెట్టుకొని కూర్చున్నప్పుడు మంద యజమాని అయిన పెద్దాయన ఇలా అడిగారు: "సచ్చినంక కోసి ఏం జేస్తరు సారూ? బతికున్నప్పుడు రాకపోతిరి." మిగిలిన మందను కాపాడటానికే అని జవాబు చెప్పాను. శాస్త్రప్రకారం ఆ జవాబు సరైనదే. కాని ఆ కణజాలపు ముక్కలు ప్రయోగశాలకు చేరి, వాటిని మైనంలో పోతపోసి, పలుచగా కోసి, రంగులద్ది, సూక్ష్మదర్శిని కింద పరిశీలించి నివేదిక తయారు చేసేసరికి నెల దాటింది. అప్పటికి ఆయన సగం మందను అమ్ముకున్నారు. నివేదిక ఫైలుకు చేరింది గాని ఆయనకు చేరలేదు. ఆ తప్పులో నా వాటా నాకు తెలుసు.

2019 పశుగణన ప్రకారం తెలంగాణలో 1.91 కోట్ల గొర్రెలు ఉన్నవి. దేశంలో ఇది ప్రథమ స్థానం. 2017లో ఆరంభమైన పంపిణీ పథకం కింద 75 శాతం రాయితీపై 20 ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున యూనిట్లుగా ఇచ్చారు. వాటిలో అధిక భాగం ఇరుగుపొరుగు రాష్ట్రాల నుంచి లారీలలో వచ్చినవే. వేర్వేరు చోట్ల పుట్టిన జీవాలను ప్రయాణపు అలసటతో ఒక మందగా కలిపినప్పుడు పారుడు రోగం, బొబ్బ రోగం, ఊపిరితిత్తుల వాపు వంటివి వెంట రావడం పశువైద్యులకు తెలిసిన సంగతే. ఎన్ని చనిపోయాయన్న లెక్కపై ఎంతో చర్చ జరిగింది. ఎందుకు చనిపోయాయన్న ప్రశ్నపై అందులో పదో వంతు కూడా జరగలేదన్నది నా అభిప్రాయం.

ఆ ప్రశ్న ఎంత సూక్ష్మమైనదో చూపడానికి జహీరాబాద్ పంట చేలే చాలు. ఇక్కడ జొన్న పాత పంట. బెట్టకు వాడిన లేత జొన్న, కోసిన మోళ్ల నుంచి లేచిన పిలకలు తిని పశువులు పడిపోవడాన్ని రైతులు 'నాము' అంటారు. కారణం హైడ్రోసైనిక్ ఆమ్లం. అదే జొన్న, నత్రజని ఎరువు ఎక్కువై ఆపై వర్షాభావానికి గురైతే, కాండంలో నైట్రేట్లను కూడబెట్టుకొంటుంది. ఆ విషం తలకెక్కిన పశువు కూడా రొప్పుతూ, తూలుతూ, కొద్ది గంటల్లోనే పడిపోతుంది. గట్టు మీద నిలబడి చూసేవారికి రెండూ ఒకటే. కత్తికి మాత్రం రెండూ వేరు: నాములో రక్తం మెరిసే ఎరుపు, నైట్రేట్ విషంలో చాక్లెట్ రంగు. ఈ తేడా చనిపోయిన కొద్ది గంటల వరకే నమ్మదగినది. ఆ తరువాత రెండు రక్తాలూ నల్లబడతాయి.

ఇది పుస్తకంలోని ముచ్చటగా మిగిలిపోయేది కాదు. నాముకు ఇచ్చే విరుగుడులో సోడియం నైట్రైట్ ఉంటుంది. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను మెథిమోగ్లోబిన్‌గా మార్చి సైనైడ్‌ను పట్టి ఉంచుతుంది. నైట్రేట్ విషంలో పశువును చంపేది సరిగ్గా ఆ మెథిమోగ్లోబినే. అక్కడ కావలసినది మిథిలీన్ బ్లూ. అంటే మొదటి పశువు శవంలో రక్తపు రంగును తప్పుగా చదివిన వైద్యుడు, ఇంకా బతికి ఉన్న పది పశువులకు విరుగుడు అనుకొని విషమే ఎక్కించే ప్రమాదం ఉన్నది. ఈ రంగును చదవడం ఉపన్యాసంతో రాదు. ఒకటికి పదిసార్లు చూసిన కన్ను పక్కన నిలబడి, ఇంకా చూడని కంటికి చూపించాలి.

చిటుక రోగం సంగతి ఇంకా చిక్కైనది. తొలకరి తరువాత లేత పచ్చిక మీద బలిసిన గొర్రెలు, ముఖ్యంగా మందలో మేలైనవి, రాత్రికి రాత్రి చనిపోతాయి. కారణం క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ డి రకం విడుదల చేసే విషం. మూత్రపిండాలు మెత్తబడి గుజ్జులా మారడం దీని లక్షణమని ప్రతి విద్యార్థి పరీక్షలో రాస్తాడు. అయితే మన ఎండలకు ఆరేడు గంటలు పడి ఉన్న ఏ గొర్రె మూత్రపిండమైనా మెత్తబడుతుంది! తెల్లవారి మంద దగ్గరకు వెళ్లిన యువ వైద్యుడు మూత్రపిండాన్ని వేలితో నొక్కి, చిటుక అని రాసేస్తాడు. మూత్రంలో చక్కెరను పరీక్షించాలి. గుండె పొరలోని ద్రవం గాలి తగిలి గడ్డకడుతున్నదేమో గమనించాలి. అన్నిటికీ మించి పుర్రె తెరిచి మెదడును ఫార్మలిన్‌లో వేయాలి. మెదడులో రక్తనాళాల చుట్టూ చేరే ప్రొటీన్ ద్రవం ఈ రోగానికి బలమైన సాక్ష్యం. క్షేత్రంలో జరిగే ఎన్ని శవపరీక్షలలో పుర్రె తెరుస్తున్నాం? ఈ పత్రిక చదివే క్షేత్ర పశువైద్యులు తమకు తామే జవాబు చెప్పుకోవచ్చు. తెరవకపోవడానికి బద్ధకం కారణం కాదు. రంపం పట్టి తెరవడం వారికి ఎవరూ చేతికి నేర్పలేదు.

రెండు ఉదంతాలు ఇక్కడ గుర్తు చేయాలి. రెండూ 2006తో ముడిపడినవి కావడం యాదృచ్ఛికమే.

మొదటిది రాబందులది. భారత ఉపఖండంలో రాబందులు కుప్పకూలిపోతున్నప్పుడు కారణం తెలియలేదు. వైరస్ అన్న అనుమానం బలంగా ఉండేది. పాకిస్థాన్ పంజాబ్‌లో పరిశోధన చేసిన లిండ్సే ఓక్స్ బృందం చనిపోయిన పక్షులను వరుసగా కోసి చూసింది. అత్యధిక భాగం శవాలలో అవయవాలపై సున్నం చల్లినట్లు యూరిక్ ఆమ్లపు తెల్లటి పొర, దెబ్బతిన్న మూత్రపిండాలు కనిపించాయి. తెలిసిన రోగక్రిములు, లోహాలు, పురుగుమందులు కారణం కావని తేలాక వారి ప్రశ్న మారింది: ఈ పక్షులు తినే పశు కళేబరాలలో మూత్రపిండాలను చెరిపే మందు ఏమున్నది? అలా డైక్లోఫెనాక్ బయటపడింది. 2004లో 'నేచర్' పత్రికలో ఆ ఫలితం వెలువడింది. 2006లో భారత ప్రభుత్వం పశువుల వాడకానికి ఆ మందు తయారీని నిషేధించింది. బల్ల మీద కనిపించిన తెల్లటి పొరే ఆ ప్రశ్నకు దారి చూపింది.

రెండవది మన ఇంటిది. 2006లో వరంగల్ జిల్లాలో, ఏరివేత ముగిసిన బీటీ పత్తి చేలలో మేసిన గొర్రెలు పెద్ద సంఖ్యలో చనిపోయాయని కాపరులు ఫిర్యాదు చేశారు. స్వచ్ఛంద సంస్థలు గ్రామాలు తిరిగి వివరాలు సేకరించాయి. బీటీ ప్రొటీనే కారణమని కొందరు, మొక్కలలోని నైట్రేట్లో పురుగుమందుల అవశేషాలో కారణమని మరికొందరు వాదించారు. జన్యుమార్పిడి పంటల అనుమతులు చూసే కేంద్ర సంఘం బీటీతో సంబంధాన్ని అంగీకరించలేదు. నేను ఇక్కడ ఏ పక్షాన్నీ సమర్థించబోను. ఏ పక్షం వాదన నిలవాలన్నా కావలసినది ఒకటే: తాజా శవాలపై క్రమపద్ధతిలో చేసిన పరీక్షలు, ప్రతి అవయవపు కణజాలం, పక్క చేలో మేసి బతికిన గొర్రెలతో పోలిక. చర్చ మాత్రం ఎక్కువగా మృతుల సంఖ్య చుట్టూ, ఆకులలోని అవశేషాల చుట్టూ తిరిగింది. రాబందుల విషయంలో శవం మాట్లాడింది. గొర్రెల విషయంలో మనుషులు మాట్లాడారు. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు జహీరాబాద్ నుంచి కెమెరాలతో వరంగల్ వెళ్లి, అక్కడి బీటీ పత్తి రైతుల అనుభవాలను చిత్రీకరించారు. మనం, అంటే పాథాలజీ విభాగాలు, ఆనాడు ఎన్ని కణజాలపు గాజు పలకలు భద్రపరిచామని అడిగితే నా దగ్గర గర్వంగా చెప్పగల జవాబు లేదు.

ఇక శిక్షణ సంగతి. భారత వ్యవసాయ పరిశోధన మండలి ప్రస్తుత స్నాతకోత్తర నిబంధనల ప్రకారం మాస్టర్స్ పట్టాకు 70 క్రెడిట్లు. అందులో 30 పరిశోధన గ్రంథానివి. పిహెచ్.డి.కి 100 క్రెడిట్లు; అందులో 75 పరిశోధనవి. శవపరీక్షకు, వ్యాధి నిర్ధారణకు కోర్సులు ఉన్నవి. కాని విద్యార్థి భవిష్యత్తును నిర్ణయించేది గ్రంథం, దాని నుంచి వెలువడే ప్రచురణలు. గ్రంథం రెండేళ్లలో పూర్తి కావాలి. ఎప్పుడు వస్తుందో తెలియని రోగం కోసం ఎదురుచూడలేం. కాబట్టి తెల్ల ఎలుకలు వస్తాయి. ఫలానా పురుగుమందు విష ప్రభావం, దానిపై ఫలానా మూలిక ఉపశమన ప్రభావం, నాలుగు గుంపులు, 28 రోజులు. శీర్షికలో మందు పేరూ మొక్క పేరూ మార్చుకొంటూ పోతే ఇలాంటి గ్రంథాలకు అంతు లేదు. వాటిని నేను చులకన చేయడం లేదు. నా సొంత విద్యార్థులతోనూ అలాంటివి చేయించాను. ప్రయోగ రూపకల్పన, గణాంకాలు, కణజాల శాస్త్రం వాటి ద్వారా వస్తాయి. రానిది మాత్రం ముందు ఏ వివరమూ తెలియని శవాన్ని ఎదుర్కొనే ధైర్యం. ఎలుకకు ఏ విషం పెట్టామో మనకు ముందే తెలుసు. జహీరాబాద్ గొర్రె ఏం తిన్నదో తెలియదు.

అమెరికాలో 1940ల చివర ఏర్పడిన పశువైద్య పాథాలజిస్టుల కళాశాల, ఐరోపాలో 1995లో మొదలైన అలాంటి సంస్థ పెట్టిన దారి వేరు. అక్కడ రెసిడెన్సీ అంటే సాధారణంగా మూడేళ్లు నిపుణుల పర్యవేక్షణలో రోజూ వచ్చే శవాలు, శస్త్రచికిత్సలో తీసిన గడ్డలు పరీక్షించి, నివేదిక రాసి, దానిని సమర్థించుకోవడం. చివర కఠినమైన పరీక్ష. పరిశోధన పట్టా దానికి తోడుగానో తరువాతో వస్తుంది. వాషింగ్టన్‌లోని సైనిక దళాల పాథాలజీ సంస్థ మొదలుపెట్టిన బుధవారపు గాజు పలకల సదస్సు ఆ సంస్థ 2011లో మూతపడిన తరువాత కూడా దాని వారసుల చేతుల్లో కొనసాగుతున్నది. అందులో చర్చించిన కేసులు ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. మన విద్యార్థులలో చురుకైనవారు చదువుతూనే ఉన్నారు. భారత పశువైద్య పాథాలజిస్టుల కళాశాల కూడా నిపుణులకు అర్హత గుర్తింపు ఇస్తున్నది. కాని ఆ గుర్తింపుకు పునాది కావలసిన రోజువారీ పనిని కళాశాలలే కల్పించాలి.

అక్కడి పద్ధతిని ఉన్నదున్నట్లు తెచ్చుకోవాలని నేను అనను. అక్కడ పెంపుడు కుక్క కణితికి యజమాని రుసుము చెల్లిస్తాడు. ఆ రుసుముతో ప్రయోగశాల నడుస్తుంది. ఇక్కడ చనిపోయిన గొర్రెను ప్రయోగశాలకు తెచ్చే కిరాయి కూడా కాపరికి నష్టంపై నష్టమే. కాబట్టి శవం విద్యార్థి దగ్గరకు రావడం కాదు, విద్యార్థే శవం దగ్గరకు వెళ్లాలి.

అందుకు జహీరాబాద్ కంటే తగిన చోటు నాకు తోచడం లేదు. రాజేంద్రనగర్‌లో 1946 నుంచి ఉన్న పశువైద్య కళాశాల, నేటి పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం, ఇక్కడికి సుమారు 100 కిలోమీటర్ల దూరం. మరోవైపు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో బీదర్‌లో కర్ణాటక పశువైద్య, పశు, మత్స్య విజ్ఞాన విశ్వవిద్యాలయపు ప్రధాన కేంద్రం ఉన్నది. నిజాం కాలంలో జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలోదే. 1956లో రాష్ట్రాల పునర్విభజనలో మెదక్ జిల్లాకు వచ్చింది. జీవాలు, కాపరులు, వ్యాపారులు, వారితోపాటు రోగాలు నేటికీ ఆ సరిహద్దును పట్టించుకోవు. పట్టించుకొంటున్నది విశ్వవిద్యాలయాలు మాత్రమే. రెండు విశ్వవిద్యాలయాల మధ్య ఒక ఒప్పందం కుదిరితే, ఉదయం కోసిన గొర్రె మెదడు మధ్యాహ్నానికి బీదర్‌లో నిపుణుడి చేతికి అందుతుంది. దక్కనీ గొర్రె రెండు వైపులా ఒకటే, దాని రోగాలూ ఒకటే. అదనంగా, సంగారెడ్డి జిల్లాలోని ఎగుమతి మాంస కర్మాగారాలలో పశువైద్యులు రోజూ అవయవాలను పరీక్షిస్తుంటారు. జలగలు పట్టిన కాలేయం, నీటి బుడగలున్న ఊపిరితిత్తి, క్షయ గడ్డలు పుస్తకంలో గాక చేతిలో చూడటానికి అంతకంటే మంచి తరగతి గది ఉండదు.

కావలసినది పెద్ద భవనం కాదు. నీటి వసతి, కాలువ, సిమెంటు బల్ల, సున్నంతో పూడ్చే గొయ్యి, మంచు పెట్టె, ఎముక రంపం, పది శాతం ఫార్మలిన్, ఒక మంచి సూక్ష్మదర్శిని ఉన్న గది చాలు. పాథాలజీ స్నాతకోత్తర విద్యార్థి ప్రతి ఒక్కరూ వంతులవారీగా అక్కడ ఉండాలి. మొత్తం కాలం ఆరు నెలలకు తగ్గకూడదు. అధ్యాపకుడు వారానికి రెండు రోజులైనా బల్ల దగ్గర నిలబడాలి. ఫోన్‌లో ఫోటో చూసి సలహా చెప్పడం ఆ రెండు రోజులకు తోడే గాని బదులు కాదు. పర్యవేక్షణలో నూరు శవపరీక్షలు, వాటిలో కనీసం సగం పుర్రె తెరిచినవి, పూర్తి చేసి నివేదికలు సమర్పించినవారికి గ్రంథపు క్రెడిట్లలో కొంత భాగం అక్కడే లెక్కించాలి. ఈ చివరి మాట లేకుంటే మిగిలినదంతా వృథా. మార్కులు లేని పనికి విద్యార్థిని పంపడం మన వ్యవస్థలో అతనికి శిక్ష వేయడమే.

అభ్యంతరాలు వస్తాయి. పి.సి.ఆర్. ఉన్న రోజుల్లో కత్తి ఎందుకని యువ సహోద్యోగులు అడుగుతారు. పి.సి.ఆర్. మనం అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. పారుడు రోగం ఉన్నదా అంటే ఉన్నదనో లేదనో చెబుతుంది. గొర్రెను చంపినది నాము అయితే ఆ మాట దానంతట అది చెప్పదు. ఏ ప్రశ్న అడగాలో చెప్పేది శవమే. దొమ్మ రోగం భయం అంతకంటే బరువైన అభ్యంతరం, న్యాయమైనదీ. అకస్మాత్తుగా చనిపోయి, ఉబ్బి, రంధ్రాల నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతున్న శవాన్ని తెరవకూడదు. తెరిస్తే గాలి తగిలి క్రిమి బీజాలుగా మారి ఆ నేలను దశాబ్దాల పాటు కలుషితం చేస్తుంది. ముందుగా చెవి నరం నుంచి రక్తపు పూత తీసి, మిథిలీన్ బ్లూ రంగు వేసి, క్రిమి చుట్టూ గులాబి తొడుగు కనిపిస్తుందేమో చూడాలి. ఏ శవాన్ని తెరవకూడదో తెలుసుకోవడం కూడా ఈ శిక్షణలో మొదటి రోజు పాఠమే. శిక్షణ లేనివారు తెలియక తెరిచే ప్రమాదం ఇప్పుడే ఎక్కువ.

అధ్యాపకుల ఖాళీల గురించి, విద్యార్థి భృతి గురించి చెప్పేవారితో నాకు వాదన లేదు. చిన్నగా ఇద్దరు విద్యార్థులతోనైనా మొదలుపెట్టవచ్చు.

విస్తరణ శాస్త్రవేత్తలకు ఇందులో పాత్ర ఉన్నది. అది ప్రచారం మాత్రమే కాదు. నివేదిక రెండు భాగాలుగా ఉండాలి. ఒకటి పశువైద్యాధికారికి, శాస్త్ర పరిభాషలో. రెండోది కాపరికి, నాలుగు వాక్యాలలో, ఆయన మాటలలో: ఏం జరిగింది, మిగిలిన మందకు ఏం చేయాలి, ఏ చేలో కొన్నాళ్లు మేపకూడదు, ఏది ఇంకా తేలలేదు. ఆ చివరి అంశాన్ని దాచకూడదు. తేలలేదని చెప్పిన నిపుణుణ్ణి కాపరి నమ్మడని మనం అనుకొంటాం గాని, నా అనుభవం అందుకు విరుద్ధంగా ఉన్నది. మాచునూరులో 2008 నుంచి నడుస్తున్న సంఘం రేడియో వంటి వేదిక పక్కనే ఉండగా, ఏ ఊరి చేలో నాము కనిపించిందో, ఎక్కడ చిటుక రోగం నిర్ధారణ అయిందో ఆ వారమే అందరికీ వినిపించవచ్చు. యజమాని పేరు చెప్పనక్కరలేదు. ప్రాథమిక అభిప్రాయం అదే రోజు నోటిమాటగా, కణజాల నివేదిక పది రోజులలో చేతికి. ఈ గడువును విద్యార్థి మూల్యాంకనంలో భాగం చేయాలని నా ప్రతిపాదన.

చిటుక రోగం తొలకరితో వస్తుంది. వచ్చే వానలకు ఆ గది తలుపు తెరిచి ఉండాలంటే క్రెడిట్ల మార్పు ప్రతిపాదన ఈ విద్యాసంవత్సరంలోనే అకడమిక్ కౌన్సిల్ ముందుకు వెళ్లాలి. బీదర్‌తో ఒప్పందపు ముసాయిదా అంతకంటే ముందే రాయాలి. బల్లకు కావలసిన సిమెంటు, ఇసుక గురించి ఎవరూ అడ్డు చెప్పరనుకొంటాను.